పొయ్యి మీద రెండో చట్టి

నా కడుపులో పుండు ఉందని డాక్టరమ్మ చెప్పేసరికి నాకు ఇరవై ఆరేళ్లు. అంతకు ముందు రెండేళ్లుగా మా అత్తవారింట్లో ఆ నొప్పికి వేరే పేరుండేది. పొగరు. పని ఎక్కువైన రోజునే ఈమె కడుపు పట్టుకుంటుందని, పుట్టింట్లో గారాబం చేసి చెడగొట్టారని అనేవాళ్లు. కొంతవరకు నేనూ నమ్మాను. నాకు నిజంగానే పొగరుండేది, ఇప్పటికీ ఉంది. కానీ పొగరైతే భోజనం చేసిన రెండు గంటలకు తప్పకుండా వచ్చి రొమ్ము కింద నిప్పుకణిక పెట్టదు కదా.

రాజధాని కర్నూలులో ఉన్న రోజులవి. ప్రొద్దుటూరులో మా అత్తవారికి గుడ్డల అంగడి. నేను పుట్టింది పులివెందులలో. ఈ రెండు ఊళ్లవాళ్లు దేని గురించైనా వాదించుకుంటారు గానీ కారం దగ్గర మాత్రం ఒకటే మాట. కారం తినలేని మనిషిని మావైపు మనిషిగానే లెక్కవేయరు. జ్వరం వచ్చి లేచినవాడో, ఎక్కడినుంచో బదిలీ మీద వచ్చిన ఆఫీసరో అనుకుంటారు. పెళ్లిచూపుల్లో మా అత్త నన్ను అడిగింది కూడా ఒక్కటే ప్రశ్న.

"ఊరిబిండి నూరేదొచ్చునా?"

వచ్చన్నాను. వేయించిన చెనిక్కాయలు, ఎండు మిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ రోట్లో వేసి నూరితే అదే ఊరిబిండి. నూరడమే కాదు, సంగటి ముద్ద వేడిగా ఉన్నప్పుడు దాన్ని పెట్టుకుని నేను తినే తీరు చూసి మా అత్త మొదటిసారి నన్ను మెచ్చుకుంది. కళ్లలో నీళ్లు, ముక్కులో నీళ్లు, చెయ్యి మాత్రం ఆగేది కాదు.

ఆ ఇంట్లో ముందు మగవాళ్లు, తర్వాత పిల్లలు, చివర ఆడవాళ్లు తినేవాళ్లం. ఇది ఆ ఇంటి సంగతే కాదు, అన్ని ఇళ్లలో అంతే. కానీ పులుసు చట్టి చివరికి వచ్చేసరికి అందులో ముక్కలుండవు, తేట ఉండదు. అడుగున మిగిలేది చిక్కటి మిరపపొడి. పెద్ద ముద్ద కలుపుకుని దాన్నే తినేదాన్ని, రుచి అంతా అడుగుననే ఉందని మురిసిపోతూ. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకరోజు పొద్దున బావి దగ్గర గుడ్డలు ఉతుకుతుంటే వాంతి అయింది. నల్లగా, కాఫీ పొడి కలిపినట్టుంది. అది చూసి మా ఆయన ముఖం పాలిపోయింది. ఆ పూట అంగడి తెరవకుండా నన్ను బస్సెక్కించి జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. మా ఆయన అంగడి మూసింది పెళ్లికి ఒకసారి, ఇప్పుడొకసారి. బస్సులో నాకు నొప్పి కంటే ఆ గౌరవమే ఎక్కువ గుర్తుంది.

అక్కడ మూడు రోజులుంచుకుని సున్నపు నీళ్లలాంటి మందేదో తాగించి లోపలి ఫొటో తీశారు. డాక్టరమ్మ మంచం పక్కన కూర్చుని చెప్పింది.

"పొడి మందు నేనిస్తాను. పథ్యం నీ చేతుల్లో ఉంది. నాలుగు నెలలు కారం లేదు, చింతపండు లేదు, ఊరగాయ లేదు. మెత్తటి అన్నం, పెసరపప్పు, పాలు, సొరకాయ, బీరకాయ. కడుపు ఖాళీగా ఉండకూడదు, రెండు గంటలకోసారి ఏదో ఒకటి తాగు. మళ్లీ రక్తం కక్కితే మద్రాసుకు పోయి కోయించుకోవాలి. అంత దూరం చేరేదాకా నువ్వు ఉంటావని నేను చెప్పలేను."

అప్పటికి మా పాపకు మూడేళ్లు. నేను పోతే దాన్ని ఎవరు చూస్తారన్న ఆలోచన ఆ రోజు నుంచి నా పక్కలోనే పడుకుంది. నాలుగు నెలలు నోరు కట్టుకోలేనా అనుకున్నాను. ఇంటికి రాగానే ఒక చిన్న మట్టి చట్టి కడిగి, గుప్పెడు బియ్యం, ఇంత పెసరపప్పు వేసి పొయ్యి రెండో కన్ను మీద పెట్టాను.

మా అత్త వంటింటి గడప దగ్గర నిలబడిపోయింది.

"ఏందమ్మే అది?"

"నాకు పథ్యం చెప్పినారత్తా. చప్పిడి బువ్వ."

"ఆ చట్టి దించు."

ఆమె కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. అయిదేళ్ల కిందట ఆ ఇంటి పెద్దకోడలు ఇలాగే ఒక పొద్దున రెండో చట్టి పెట్టింది. నెల తిరగకుండా పెరట్లో మధ్యకు గోడ లేచింది. అవతల పెద్దకొడుకు సంసారం, ఇవతల మేము. మావైపు వేరు పడదామని ఎవరూ నోరు తెరిచి అడగరు, పొయ్యి మీద ఇంకో చట్టి పెడతారు. దాంతోనే ఇంటిల్లిపాదికీ అర్థమైపోతుంది. గోడ అవతల పొగ లేచినప్పుడల్లా మా అత్త అటు చూడకుండా తల తిప్పుకునేది.

"నేను బతికుండంగా ఈ ఇంట్లో ఇంగొక గోడ లేసేదానికి లేదు" అంది.

నేను చట్టి దించాను. ఆ మాట మీద వాదించడానికి నాక్కూడా మనసొప్పలేదు. సాయంత్రం మా ఆయన అంగడి నుంచి వచ్చి, ఇద్దరి ముఖాలూ చూసి, తెలివైన దారి ఒకటి చెప్పాడు.

"అందరికీ చేసిందాంట్లోనే ముక్కలు తీసుకోని నీళ్లలో కడుక్కోని తిను. కారం పోతాది గదా."

గుడ్డల వ్యాపారి కదా, ఉతికితే రంగు పోతుందని ఆయన నమ్మకం. నవ్వకండి, నేను కూడా నమ్మాను. నెలరోజులు పులుసులోని వంకాయ ముక్కల్ని చెంబు నీళ్లలో కడుక్కుని తిన్నాను. ముక్క లోపలికి దిగిన కారం ఏ నీళ్లకూ రాదు. పైగా అది కూరా కాదు, పథ్యమూ కాదు. నాలుకకు సుఖం లేదు, కడుపుకు శాంతి లేదు. పొడి మందు వేసుకున్న గంటసేపు నెమ్మదిస్తుంది, తర్వాత మళ్లీ మామూలే. కడుక్కుని తినడం విసుగెత్తి ఒకరోజు కడగకుండానే తినేశాను. ఎట్లా తిన్నా నొప్పే కదా, రుచిగా తిని నొప్పి పడితే ఏం పోయిందని మొండికెత్తాను. ఆ మధ్యాహ్నం రోలు పక్కన నేల మీద ముడుచుకుని పడుకుంటే పాప వచ్చి నా కొంగు కప్పుకుని పక్కన పడుకుంది. దానికది ఆట. నాకు మాత్రం భయం మొదలైంది.

మా నాయన వచ్చి నన్ను పులివెందులకు తీసుకుపోయాడు. పుట్టింట్లో పాతిక రోజులు. అక్కడ రెండో చట్టికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మా అమ్మ పెరటి సొరకాయతో పప్పు వండేది, వేళకు పాలు ఇచ్చేది, పెట్టినప్పుడల్లా కళ్లు తుడుచుకునేది.

"ఈ చప్పిడి కూడు తినేదానికేనా నిన్ను కనింది!"

ఆమె ఏడుపు చూస్తూ తినడం చప్పిడి కంటే కష్టం. అయినా తిన్నాను. వారానికి నొప్పి పలచబడింది, రెండు వారాలకు పొద్దున లేచి ఈ రోజు ఏమీ లేదేమిటా అని నేనే వెతుక్కునే స్థితికి వచ్చాను. పథ్యం పనిచేస్తుందని నాకు అక్కడే నమ్మకం కుదిరింది.

తిరిగి వచ్చేరోజు మా అమ్మ పెరుగన్నం మూటతో పాటు ఒక చిన్న జాడీ కూడా పెట్టింది. అందులో ఊరిబిండి.

"ఆశకు ఒక్క ముద్ద. అంతకన్నా వద్దు" అంది.

ముద్దనూరులో బస్సు మారాలి. బస్సు ఎప్పుడో అడిగి వస్తానని మా నాయన వెళ్లాడు. పాప నిద్రపోతోంది. నాకు నొప్పి లేదు, ఆకలి ఉంది, జాడీ ఉంది. ఒక్క ముద్దన్నది మా అమ్మ లెక్క. నేను జాడీ అడుగు వేలితో నాకేదాకా ఆగలేదు. పాతిక రోజుల పథ్యం ఒక బస్సు వచ్చేలోపల అయిపోయింది. నా మీద నాకు ఇంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. తింటున్నంతసేపూ మాత్రం ఎంత సంతోషంగా ఉన్నానో అదీ చెప్పాలి.

ప్రొద్దుటూరులో ఇల్లు చేరేసరికి నిటారుగా నిలబడలేకపోయాను. నడవలోనే కూలబడ్డాను. మా నాయనను వీధిలోనుంచే మా ఆయన అంగడికి తీసుకుపోయాడు. ఇంట్లో మా అత్త, నేను, పాప. ఆమె వచ్చి నా పక్కన చతికిలబడి, ఏమీ అడగకుండా, రొమ్ము ఎముక కింద రెండు వేళ్లు పెట్టి నొక్కింది. సరిగ్గా అక్కడే. డాక్టరమ్మ కూడా అంత సూటిగా పట్టుకోలేదు.

"ఎడం పక్కకు తిరిగి మోకాళ్లు కడుపుకానించుకో. తినే సోడా నీళ్లలో కలిపి తెస్తా. రెండు తేన్పులొచ్చేదాకా మాట్లాడొద్దు."

తాగాను. తేన్పులు వచ్చాయి. మంట కొంచెం దిగింది.

"నీకెట్ట తెలుసత్తా?"

ఆమె పాప జుట్టు సవరించింది.

"పదైదేండ్లాయె" అంది చివరికి.

నాకు జాలి కలగలేదు, కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా అదే నిప్పును కడుపులో పెట్టుకున్న మనిషి, రెండేళ్లుగా నా నొప్పిని పొగరంటూ తిరిగింది. ఆ మాటే అన్నాను. అత్తను అంత గట్టిగా అడగడం అదే మొదలు.

"నీది నొప్పంటే నాదీ నొప్పని ఒప్పుకోవల్ల గదమ్మే" అంది ఆమె. "ఒప్పుకుంటే ఏమొస్తాది? సంగటి కెలికేది మానుకుంటామా? మా అత్తకూ ఇట్లే ఉన్నింది. ఆమె సోడా డబ్బానే నాకొచ్చింది."

"నాతో రా అత్తా జమ్మలమడుగుకు."

"నన్ను కోస్తారు. నేను రాను." తర్వాత పొయ్యి వైపు చూసి అంది, "నీ చట్టి నువ్వు పెట్టుకో. నాలుగు నెలలు తిని సూపీ. నీకు తగ్గితే నేనూ తింటా. తగ్గకపోతే ఇద్దరమూ సోడానే తాగుదాం."

మరునాడు పొద్దున ఆమే చిన్న చట్టి తెచ్చి పొయ్యి మీద పెట్టింది. వీధికి మాత్రం అది మనవరాలి చట్టి అని చెప్పింది. పసిబిడ్డకు కారం పెట్టరు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. బిడ్డకు తినిపించే మిషతో నేను మగవాళ్ల కంటే ముందే తినేదాన్ని, రెండు గంటలకోసారి తాగేదాన్ని. మా అత్త ఆబోరూ దక్కింది, నా పథ్యమూ దక్కింది.

చప్పిడి తినడంలో కష్టం మొదటి వారంలో ఉంటుందనుకుంటారు. కాదు. నొప్పి ఉన్నంతకాలం నొప్పే కాపలా కాస్తుంది. అది తగ్గిన తర్వాత, అంతా బాగుందనిపించిన తర్వాత, ఎదురుగా అందరూ వేడి సంగటిలో పులుసు పోసుకుని సొటసొటమంటూ తింటున్నప్పుడు ఉంటుంది అసలు కష్టం. నేను నానా తంటాలు పడ్డాను. బియ్యం కొంచెం వేయించి వండితే మంచి వాసన వస్తుందని కనిపెట్టాను. జీలకర్ర నేతిలో చిటపటమనిపిస్తే బీరకాయ కూడా ఒక కూరలాగే ఉంటుంది. చప్పిడి చల్లారితే గొంతు దిగదు కాబట్టి పొగలు వస్తుండగా తినాలి. కానీ ఇవేవీ నన్ను నిలబెట్టలేదు. నన్ను నిలబెట్టింది మా అత్త ప్రశ్న. రోజూ దీపం పెట్టే వేళకు వచ్చి అడిగేది.

"ఈ పొద్దు నొచ్చెనా?"

అబద్ధం చెబితే పట్టేసుకుంటుంది, ఎందుకంటే ఆ నొప్పి ముఖం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. నేను ఒక్క మిరపకాయ కొరికినా ఇద్దరి పథ్యమూ చెడుతుంది. రోలు ముందు కూర్చుని ఇంటికంతా నేనే కారం నూరేదాన్ని. వేళ్లకంటిన ముద్దను నాలుక మీద పెట్టుకోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. కడుక్కునేదాన్ని. నా కోసం అయితే నాకేసేదాన్ని, ఆ మాట నిజం.

ఆ నాలుగు నెలల్లోనే రాజధాని హైదరాబాదుకు పోయింది. అంగడి అరుగు మీద మగవాళ్లందరిదీ అదే మాట. నాకు మాత్రం పొద్దున నొప్పి రాలేదన్నదే పెద్ద వార్త. జమ్మలమడుగులో మళ్లీ ఫొటో తీసి, పుండు మానిందని, ఇంకా ఏడాది నోరు అదుపులో పెట్టుకోమని డాక్టరమ్మ చెప్పింది. ఇంటికి వచ్చి మా అత్త ముందు నిలబడ్డాను. ఆమె నా ముఖం పరీక్షగా చూసింది.

"అయితే పెట్టు" అంది, శిక్ష పడిన దానిలా.

మూడు రోజులు తిని నాలుగో రోజు గిన్నె నెట్టేసింది.

"థూ! దీనికన్నా నొప్పే నయం. గడ్డికైనా రవంత ఉప్పదనం ఉంటాది."

నేను బతిమాలలేదు. ఆమె మాట ఆమెకే గుర్తుచేశాను. సణుగుతూ మళ్లీ గిన్నె లాక్కుంది. తర్వాత ఒక ఉపాయం పట్టింది. ఎండు మిరపకాయ ఒకటి పళ్లెం పక్కన పెట్టుకుని, ముద్దకోసారి దాని వాసన చూసి బువ్వ మింగేది. చిన్న చట్టి పోయి మధ్యరకం చట్టి వచ్చింది. ఎదురింటి సాయిబుల పెద్దమ్మ ఒకరోజు లోపలికి తొంగి చూసి, "ఏమ్మా, నీ మనవరాలు ఏనుగు పిల్లా ఏంది, ఇంత తింటాది?" అంది. మా అత్త ఏ మాత్రం తడబడకుండా, "మా వంశంలో ఆడబిడ్డలు అంతే" అంది. ఆ రోజు ఇద్దరం వంటింట్లో కడుపు పట్టుకుని నవ్వాం. కడుపు పట్టుకున్నా నొప్పి లేకపోవడం ఆమెకు కొత్త.

ఏడెనిమిది నెలలు ఆమె బాగానే ఉంది. సోడా డబ్బా అటక ఎక్కింది. తర్వాత మెల్లగా సన్నబడింది. పట్టెడు తింటే చాలు, కడుపు నిండిపోయిందనేది. రవిక భుజాల మీంచి జారేది. ఈసారి నేను అడిగితే కాదనకుండా బస్సెక్కింది. పెన్న మీద బస్సు పోతుంటే కిటికీలోంచి ఇసుక చూస్తూ, "ఈ ఏడు నీళ్లు లేవే" అంది.

డాక్టరమ్మ నన్నూ మా ఆయననూ పక్కకు పిలిచింది. పాత పుండు గట్టిపడి వేరే జబ్బుగా మారిందని, కోసినా లాభం లేదని చెప్పింది.

"ఇంక పథ్యం వద్దు. ఆమె ఏది అడిగితే అది పెట్టండి" అంది.

మా ఆయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమెకు చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం.

మర్నాడు ఎర్రగా, నూనె తేలేట్టు వంకాయ పులుసు పెట్టాను. ఇన్నాళ్లూ ఆమెకు ఇది లేకుండా చేశానే అని నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. గిన్నె నిండా పోసి, వేడి సంగటితో ఆమె మంచం దగ్గర పెట్టాను. ఆమె గిన్నెను చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పథ్యం తీసేసినారా?"

"రవంత తినొచ్చన్యాదత్తా."

"రవంత ఇంత ఉంటాదా?"

నాకు అబద్ధం చెప్పడం చేతకాదు. తల వంచుకున్నాను. ఆమె మెల్లగా లేచి కూర్చుని గిన్నెను చేత్తో నా వైపు నెట్టింది.

"తీస్కపో దీన్ని."

"ఇంక నీకేం కాదత్తా. తిను. శానా దినాలాయె."

"నాకేం కాదు. నీకవుతాది. నేను దీన్ని తింటాంటే నువ్వు పక్కన కూచోని వాసన పీలుస్తావు. రేపు అడుగు నాకుతావు. నేను పోయినంక నొచ్చెనా అని నిన్నడిగేదానికి ఈ ఇంట్లో ఎవరుండారు? ఆ బిడ్డకింకా ఐదేండ్లమ్మే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె విసుక్కుంది.

"ఏడ్చింది చాలు గానీ, చట్టిలో ఏముండాది?"

"బీరకాయ పప్పు."

"ఇద్దరికీ పెట్టుకోని రా."

పెట్టుకుని వచ్చాను. ఆమె నాలుగు ముద్దలు తినగలిగింది. తర్వాత చెయ్యి కడుక్కోకుండా, నా గిన్నె ఖాళీ అయ్యేదాకా నా చేతి వైపే చూస్తూ కూర్చుంది.